మూతపడని గుల్ల

అనగనగా ఒక సముద్రపు ఒడ్డు. ఏం, అడవి కథే కావాలా? అడవి దాకా వెళ్ళే ఓపిక నాకు లేదర్రా ఇవాళ. ఒడ్డుతో సరిపెట్టుకోండి.

ఆ ఒడ్డున కొన్ని పీతలుండేవి. మామూలు పీతలు కావు. వీటికి వీపు మెత్తగా ఉంటుంది. అందుకని ఖాళీ గుల్లల్లో దూరి, వాటినే వీపున మోసుకు తిరుగుతాయి. కాకి వచ్చిందనుకోండి, గబుక్కున లోపలికి ముడుచుకుని, తమ పెద్ద డెక్కను గుమ్మానికి అడ్డం పెట్టేస్తాయి. అదే వాటికి తలుపు.

ఒళ్ళు పెరిగితే గుల్ల బిగుతవుతుంది కదా, అప్పుడేం చేస్తాయో తెలుసా? కొత్త గుల్ల ఒడ్డుకి కొట్టుకు రాగానే అన్నీ వరసలో నిలబడతాయి. పెద్దవి ముందు, చిన్నవి వెనక. ముందున్నది కొత్తదాంట్లోకి మారితే దాని పాత గుల్ల వెనకదానికి వస్తుంది. అలా చివరిదాకా అందరికీ ఇల్లు మారుతుంది. ముందున్నది కదలకపోతే మాత్రం ఎవరికీ మారదు.

నూకరాజు అని ఒక పీత. గోరంత గుల్లలో బతుకు మొదలుపెట్టి, పాపం, కష్టపడే పైకొచ్చాడు. ఇప్పుడు వరసలో మొదటివాడు. వాడి వెనకే పెళ్ళాం పోలమ్మ. ఆవిడ గుల్ల బీటలిచ్చింది. మొగుడి పాత గుల్ల ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది.

ఒకరోజు గోధుమరంగు గుల్ల కొట్టుకొచ్చింది. నూకరాజుకి అతికినట్టు సరిపోయేదే. కానీ వాడి చూపు పక్క రాతి మీదకి పోయింది. అక్కడ సింహాచలం కూర్చున్నాడు, గులాబీరంగు అంచున్న పెద్ద శంఖంలో.

"ఛీ, ఇదేం గుల్ల! సింహాచలం పక్కన దీంతో నిలబడితే నలుగురూ నవ్వరూ?" అన్నాడు నూకరాజు.

"ఏవయ్యా, నీ ఒంటికి సరిపోయిందా లేదా చూసుకో. సింహాచలంతో మనకేం పని?" అంది పోలమ్మ.

వింటేనా! వరస చెదిరిపోయింది. గుల్లని కెరటం లాక్కుపోయింది.

ఇంకోరోజు చుక్కల గుల్ల వచ్చింది. "సింహాచలం దానికంటే ఒక చుట్టు తక్కువుంది" అన్నాడు. మళ్ళీ అందరూ ఉసూరుమంటూ ఇళ్ళకి పోయారు. పోలమ్మ గుల్లకి బీట ఇంకాస్త పెరిగింది.

మూడోసారి వచ్చింది అసలైన శంఖం. సింహాచలం దానికంటే పెద్దది, తళతళలాడుతోంది. నూకరాజు ఒక్క గెంతు గెంతి అందులో పడ్డాడు. పోలమ్మ వాడి పాత గుల్లలోకి మారి "హమ్మయ్య" అంది.

ఒడ్డంతా చూడ్డానికి వచ్చింది. సింహాచలం కూడా వచ్చాడు. "బాగుంది బావా" అన్నాడు గానీ మొహం మాడిపోయింది. నూకరాజుకి ఆ ఒక్క పూట ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ ఒక్క పూటేనర్రా. మర్నాటి నుంచి మోత. నాచు మేద్దామని రాళ్ళ దగ్గరికి ఈడ్చుకుంటూ వెళ్ళేసరికి అందరూ తినేసి వెళ్ళిపోయేవారు. పోలమ్మే తన వాటాలోంచి ఇంత నాచు తెచ్చి పెట్టేది.

"బరువుగా ఉందా?" అని అడిగేది.

"ఛ, అలవాటైపోతుంది."

అసలు సంగతి ఆవిడకి కూడా చెప్పలేదు. ఆ శంఖం గుమ్మం మరీ పెద్దది. డెక్క ఎంత అడ్డం పెట్టినా సగమే మూతపడేది. ఇక నిద్రెక్కడిది? కాకి వస్తుందేమోనని కళ్ళు తెరుచుకునే కూర్చునేవాడు. ఎవరైనా "ఎలా ఉంది కొత్త శంఖం?" అంటే మాత్రం "బ్రహ్మాండం" అనేవాడు.

కాకి రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఇద్దరూ ఇసకలో ఉండగా వాలింది. పోలమ్మ టక్కున తలుపేసుకుంది. నూకరాజు డెక్క అడ్డం పెట్టాడు. కాకి మిగతా సందులోంచి ముక్కు పెట్టి కాలు పట్టుకుంది. లాగింది. కాలు ఊడొచ్చింది. ఇంతలో పెద్ద కెరటం రాబట్టి వాడు బతికాడు.

పోలమ్మ ఏడుస్తూ బయటికొచ్చింది. వెనకే సింహాచలం ఈడ్చుకుంటూ వచ్చాడు.

"తలుపు పడలేదు కదూ?" అన్నాడు మెల్లగా.

"నీకెలా తెలుసు బావా?"

"నాదీ పడదు. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పమంటావయ్యా? నువ్వు నన్నే చూస్తూ ఉంటివి."

నూకరాజుకి నవ్వే ఓపిక లేదు, ఏడ్చే ఓపికా లేదు.

మళ్ళీ ఒక గుల్ల కొట్టుకొచ్చినప్పుడు అందరూ చూస్తుండగానే శంఖంలోంచి బయటికొచ్చాడు. మెత్తటి వీపు, ఊడిన కాలు, అన్నీ అందరికీ కనిపించాయి. కొందరు నవ్వారు కూడా. వాడు పట్టించుకోలేదు. మట్టిరంగు గుల్లలో దూరి, డెక్క అడ్డం పెట్టుకున్నాడు. పూర్తిగా మూతపడింది. పోలమ్మ పిలుస్తున్నా పలకలేదు. అప్పటికే నిద్రపోయాడు.

సింహాచలమా? వాడికి బయటికి రావడానికి మొహం చెల్లలేదు. ఇప్పటికీ ఆ రాతి మీదే ఉన్నాడు. కుర్ర పీతలు వచ్చి "ఎలా ఉంది మావా నీ శంఖం?" అని అడుగుతాయి. వాడు ఎర్రబడ్డ కళ్ళు నులుముకుని "బ్రహ్మాండం" అంటాడు.

నీతి: పక్కవాడు చూడాలని మోసే బరువుతో మనకి నిద్ర ఉండదు. మనం చూస్తున్నామని మోసే పక్కవాడికీ ఉండదు.