చలిమంట గది తలుపు బయట

రాల్ఫ్‌ను మఠాధిపతిగా ఎన్నుకున్న రోజున సాటి సన్యాసులంతా వరసగా వచ్చి, అతని ముందు మోకరిల్లి చెయ్యి ముద్దుపెట్టుకున్నారు. ఆ వరసలో ఆస్బర్ట్ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది మఠంలో చేరినవాళ్లు. పక్కపక్క పడకల మీద పడుకుని, ఒకరి దగ్గు ఒకరు వింటూ నడివయసుకి వచ్చినవాళ్లు.

మోకాళ్ల మీదున్న ఆస్బర్ట్ తల ఎత్తి ఒక్కసారి కన్ను గీటుతాడేమోనని రాల్ఫ్ చూశాడు. ఆస్బర్ట్ తల ఎత్తలేదు.

"నన్ను ఆశీర్వదించండి, తండ్రీ" అన్నాడు. నిన్నటిదాకా 'ఏరా' అని పిలిచిన మనిషి.

ఇది ఎన్నో వందల ఏళ్ల కిందటి మాట. ఇంగ్లండు తూర్పు భాగంలో, చిత్తడి నేలల మధ్య ఉండేది ఆ క్రైస్తవ మఠం. చలికాలం వస్తే చుట్టూ నీళ్లు పేరుకుని, పొగమంచు దిగి, బయటి లోకం ఉందో లేదో కూడా తెలిసేది కాదు. లోపలున్నవాళ్లకి లోపలున్నవాళ్లే దిక్కు.

కొత్త మఠాధిపతికి వేరే గది ఇచ్చారు. భోజనానికి వేరే బల్ల వేశారు. అతిథులెవరైనా వస్తే వాళ్లతో తినాలి, లేకపోతే ఒక్కడూ తినాలి. అతను వరండాలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. అందరూ గోడవైపు ఒదిగి, తలలు వంచి దారి ఇచ్చేవారు. ఎవరూ అమర్యాదగా ఉన్నది లేదు. ఆ మర్యాదే అతనికి గొంతు దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆస్బర్ట్‌ను తోటలోకి తీసుకెళ్లాడు. ఆకు రాలిన ఆపిల్ చెట్ల కింద నిలబడి, "నాతో ఇదివరకులాగా మాట్లాడు. ఇది నా ఆజ్ఞ అనుకో" అన్నాడు.

"చిత్తం, తండ్రీ."

ఆస్బర్ట్ మాట్లాడాడు. ఈసారి ఆపిల్ కాపు బాగుందన్నాడు. కాలవలో చేపలు తగ్గాయన్నాడు. తూర్పు గోడకి చెమ్మ వస్తోందన్నాడు. కాసేపటికి మాటలు అయిపోయి, చేతులు అంగీ చేతుల్లో దోపుకుని, "ఇంక వెళ్లమంటారా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక రాల్ఫ్ రోగుల గదికి వెళ్లాడు. పాత మఠాధిపతి ఎల్విన్ అక్కడే ఉంటున్నాడు. వయసు మీద పడి, చూపు మందగించి, తనంతట తానే పదవి దిగిపోయిన మనిషి. మఠంలో రాల్ఫ్‌కి మొదట అక్షరాలు నేర్పింది ఆయనే. ఎన్నికయ్యాక రాల్ఫ్ ఆయన్ని చూడడానికి రావడం ఇదే మొదలు. ఆ సంగతి గుమ్మంలో అడుగు పెట్టాక గాని గుర్తు రాలేదు.

ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు పట్టి, "రా, రాల్ఫ్" అన్నాడు.

ఎవరో తనని పేరు పెట్టి పిలిచేసరికి రాల్ఫ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"నావల్ల కావడం లేదు తండ్రీ. ఇంతమంది మధ్య నాకొక్క మనిషి లేడు. బిషప్‌గారితో చెప్పి దిగిపోతాను. మీరు ఇన్నేళ్లు ఎలా ఉన్నారు?"

ఎల్విన్ చెయ్యి చాచాడు. "లేవదియ్యి. కాస్త నడుద్దాం."

బయట చలి ఎముకల్లోకి దిగుతోంది. ముసలాయన రాల్ఫ్ భుజం పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ వరండా వెంట నడిపించుకెళ్లి, ఒక తలుపు ముందు ఆగాడు. అది చలిమంట గది. మఠంలో సన్యాసులు చలి కాచుకోవడానికి ఆ ఒక్క గదే ఉంది. రోజంతా అవసరానికి మించి మాట్లాడనివాళ్లు సాయంత్రం కాసేపు అక్కడ స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు.

తలుపు సందులోంచి వెచ్చటి వెలుతురు గీతలా పడుతోంది. రాల్ఫ్ గడియ మీద చెయ్యి వేశాడు. ఎల్విన్ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి, అక్కడే పట్టి ఉంచాడు.

లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ప్రియ సహోదరులారా... ఎహెం... ఈ పూట చారు పలచబడిందని... ఎహెం... మా చెవిన పడింది. మేము విచారిస్తాం."

ఆ గొంతు రాల్ఫ్‌దే. మాట మాటకీ వచ్చే ఆ పొడి దగ్గూ అతనిదే. మాట్లాడుతున్నది మాత్రం ఆస్బర్ట్.

గది గొల్లుమంది. ఎవరో నవ్వు ఆపుకోలేక బల్ల చరిచారు. రాల్ఫ్ ముఖం వేడెక్కింది. గడియ తీయబోయాడు. ముసలాయన పట్టు వదల్లేదు. అప్పుడు చూశాడు రాల్ఫ్. ఎల్విన్ భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

"నన్ను నువ్వు ఇంతకంటే బాగా అనుకరించేవాడివి" అన్నాడు.

రాల్ఫ్‌కి గుర్తొచ్చింది. ఇదే గది. ఇదే మంట. అంగీ ఎత్తి పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ తను చుట్టూ తిరుగుతుంటే, ఆస్బర్ట్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ 'మళ్లీ చెయ్యరా, మళ్లీ చెయ్యి' అనేవాడు.

"మీరు... ఇక్కడ ఉండేవారా?"

"ఉండేవాణ్ణి. ఆ కాలు మాత్రం నువ్వు మరీ ఎక్కువ ఈడ్చేవాడివి."

"ఇంత చలిలో... మరి లోపలికి రాలేదేం తండ్రీ?"

"వస్తే ఆపేసేవాడివి."

లోపల ఎవరో ఆస్బర్ట్‌ని ఇంకోసారి చెయ్యమంటున్నారు. రాల్ఫ్ గడియ మీంచి చెయ్యి తీశాడు. తన పై అంగీ విప్పి ముసలాయన భుజాల చుట్టూ కప్పాడు.

గంట మోగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి విన్నారు.