పగడాల తొట్టిలో ఉప్పు

అనగనగా, కెరటాల చప్పుడుకే తెల్లవారే ఊరొకటి. ఆ ఊరిని ఏలే రాజు వీరకేతుడు. ఆయన రాణి కువలయ.

ఒకనాడు రాణి ఒడ్డున షికారు చేస్తూ, వలలో చిక్కి గింజుకుంటున్న ముసలి తాబేలును విడిపించింది. అది సముద్రుడి దూత. సముద్రుడు సంతోషించి, ఆమెకు పగడపు జీవాలను పంపాడు. అవి రాయిని పట్టుకుని బతికే బుల్లి ప్రాణులు. హాయిగా ఉంటే పూలలా విచ్చుకుంటాయి. దిగులు పడితే ముడుచుకుంటాయి.

"అమ్మా, కార్తీక పున్నమికి మళ్లీ వస్తాను," అంది తాబేలు. "విచ్చుకుని కనిపిస్తే ఇవి ఎప్పటికీ నీవే. ముడుచుకుని కనిపిస్తే నాతో తీసుకుపోతాను."

రాణికి పిల్లలు లేరు. గాజు తొట్టి చేయించి, సముద్రపు నీరు నింపి, వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంది. తొట్టిలో నీరు తగ్గినప్పుడల్లా బిందెలతో మళ్లీ సముద్రపు నీరే తెప్పించి పోయించేది. ఒక దాసి వాననీళ్లు పోయబోతే ఎంత కోప్పడిందో!

"సముద్రుడి బిడ్డలకు చప్పిడి నీళ్లా? ఎంత అపచారం!" అంది.

కొన్నాళ్లకు పగడాలు ముడుచుకున్నాయి. రాణికి అన్నం సయించలేదు.

రాజవైద్యుడు వచ్చాడు. తొట్టికి ఆమడ దూరంలోనే నిలబడి, "పైత్యం," అన్నాడు. నీళ్లలో ఏదో చూర్ణం కలిపాడు. పగడాలు ఇంకాస్త ముడుచుకున్నాయి.

జోస్యుడు వచ్చాడు. వేళ్లు లెక్కపెట్టి, "దిక్కు బాగాలేదు," అన్నాడు. తొట్టిని మండుటెండలోకి జరిపించాడు. నీళ్లు మరింత తొందరగా ఇగిరాయి, బిందెలు మరిన్ని వచ్చాయి. పగడాలు పాలిపోయాయి.

మంత్రి వచ్చాడు. "ఆకలి! పాపం, ఆకలి!" అంటూ గుప్పెళ్లకొద్దీ ఎండు రొయ్యపొట్టు చల్లించాడు. నీళ్లు కంపుకొట్టాయి. పగడాలు వాడిపోయాయి.

పున్నమి దగ్గరపడుతోంది. బిడ్డలు చేజారిపోతారేమోనని రాణికి ఒకటే భయం.

"చాలు! ఇక ఎవరూ తొట్టి ముట్టుకోవద్దు," అంది. తొట్టిని నీడకు చేర్పించింది. రొయ్యపొట్టంతా తనే ఏరి పారేసి, దాని ముందు కూర్చుంది. భోజనానికి ఎంత పిలిచినా కదల్లేదు. ఆమె కోసం రాజూ ఆగాడు. వంటింట్లో చారు పొయ్యి మీదే మరుగుతూ ఉంది.

చివరికి ఇద్దరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. రాజు ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"దేవీ, ఇది చారా, సముద్రమా?"

"మరిగి మరిగి ఇగిరిపోయింది ప్రభూ. ఇంకో గరిటెడు వేసుకోండి," అంది రాణి పరధ్యానంగా.

"బాగుంది సంబడం! ఉప్పగా ఉన్న చారులో మళ్లీ చారు పోస్తే ఉప్పు తగ్గుతుందా? నీరు ఆవిరైపోయింది, ఉప్పేమో గిన్నెలోనే కూర్చుంది. కాసిని మంచినీళ్లు ఇలా పోయించు."

రాణి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. చటుక్కున లేచి, చెయ్యి కడుక్కుని తొట్టి దగ్గరికి పరుగెత్తింది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఉప్పు కషాయం! పక్కనున్న బిందెలో సముద్రపు నీరు రుచి చూసింది. ఇదే చాలా నయం.

"నీరు ఆవిరైంది, ఉప్పు మిగిలింది. దాని మీద నేను మళ్లీ ఉప్పునీరే పోయించాను. మీ దిగులుకు నేనే కారణమర్రా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ ఏడుస్తూ కూర్చోలేదు.

మంత్రి హడావిడి పడ్డాడు. "వాననీళ్లు బిందెలకొద్దీ కుమ్మరిద్దాం తల్లీ! వ్యవధి లేదు!"

"వద్దు," అంది రాణి. "ఉప్పు మెల్లగా పెరిగింది, మెల్లగానే తగ్గాలి. ఒక్కసారిగా మారిస్తే ఈ పసిప్రాణాలు తట్టుకోలేవు."

రోజూ ఓ చెంబెడు తొట్టి నీరు తీసేది, ఓ చెంబెడు వాననీరు పోసేది. సముద్రపు నీటితో రుచి పోల్చి చూసుకునేది. రెండింటి రుచీ ఒక్కటైన రోజున ఓ పగడం మెల్లగా రేకు విప్పింది. రాణికి ప్రాణం లేచివచ్చింది.

పున్నమి నాడు తాబేలు వచ్చేసరికి తొట్టి నిండా పూలే పూలు!

"ఆహా! ఇవి జబ్బుపడ్డాయని సముద్రంలో చెప్పుకున్నారే! ఎవరిదీ వైద్యం?" అంది తాబేలు.

"నా చూర్ణం!" అన్నాడు వైద్యుడు.

"నేను చూసిన దిక్కు!" అన్నాడు జోస్యుడు.

"నా రొయ్యపొట్టు!" అన్నాడు మంత్రి.

రాణి చేతులు జోడించింది. "తాతా, వైద్యం సంగతి సరే. వీటికి జబ్బు తెచ్చింది నేను. ప్రేమకొద్దీ ఉప్పు మీద ఉప్పు పోశాను. తెలిశాక దిద్దుకున్నాను. వీటిని నా దగ్గర ఉంచుతావో, తీసుకుపోతావో నీ ఇష్టం."

తాబేలు పకపకా నవ్వింది. "బాగుచేశామని చెప్పుకునేవాళ్లు ముగ్గురు. చెడగొట్టానని ఒప్పుకున్నది నువ్వొక్కతెవే. తన చేతి తప్పు తను చూసుకోగల తల్లి దగ్గర బిడ్డలకు భయమేముంటుంది? ఇవి నీవే అమ్మా!"

కోటలో నగారాలు మోగాయి. రాణి తొట్టిని కావలించుకుని నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ ముగ్గురూ మాత్రం ఒకరి వెనక ఒకరు మెల్లగా జారుకున్నారు.

అందుకే పిల్లలూ, ఎంత ప్రేమతో చేసే పనైనా, అది మేలు చేస్తోందో కీడు చేస్తోందో చూసుకుంటూ ఉండాలి; తప్పు మనదైతే ఒప్పుకుని, ఓపికగా దిద్దుకోవాలి.