గెడ్డపాడు తూము ఎవరి చేతికి?

అనగా అనగా, వానలు ఎవరి మాటా వినని రోజుల్లో, గెడ్డపాడని ఒక ఊరు. ఊరంతటికీ ఒకటే చెరువు. తూము తెరిస్తే కాలవ, కాలవ పారితే మడి, మడి తడిస్తే గింజ, గింజ పండితే గంజి. అంచేత తూము ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఆ తూము చూసేవాణ్ణి నీరుగంటి అనేవారు. ఊ కొడుతున్నారా?

అప్పట్లో నీరుగంటి అప్పలస్వామి. ఒకసారి గాలివానకి చెరువుగట్టు తెగబోతే, గండిలోకి తన ఎడ్లబండినే తోసేసి, దాని పక్కన తనూ అడ్డంగా నిలబడి, వాన వెలిసేదాకా ఊరిని కాపాడిన మనిషి. అప్పట్నించీ ఆయన వీధిలో వస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన కోడలు వరాలు. తల్లిలేని పిల్ల. ఆ మామే కన్నకూతుర్లా చూసుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఆయనకి దండాలు అలవాటైపోయాయి. పెట్టినవాడి పొలానికి ముందు నీళ్ళు, పెట్టనివాడికి మిగిలితే నీళ్ళు. కాలవ చివరి పొలాలకి బురదైనా చేరేది కాదు. ఎవరైనా అడిగారా, ఆయన గాలివాన సంగతి మొదలెట్టేవాడు. ఇంకేం అడుగుతారు, పాపం! వరాలు చూసేది, మాట మింగేసేది.

ఆ ఊళ్ళోనే గవరయ్య. వయసులో ఉండగా తన మడి తడుపుకోడానికి దొంగతనంగా గట్టు కొట్టేశాడు. ఆ నీళ్ళకి సూరమ్మ చేను కొట్టుకుపోయింది. ఆ ఏడాదంతా ఆవిడా, పిల్లలూ దుంపలు తవ్వుకుని తిన్నారు. గవరయ్య కొరడా దెబ్బలు తిన్నాడు, గట్టుదొంగ అన్న పేరూ మోశాడు. తర్వాత పదిహేనేళ్ళుగా పొద్దున్నే గట్టంతా తిరిగి నీళ్ళు కారిపోకుండా ఎండ్రకాయల బొరియలు పూడ్చేవాడు. ఎవరూ పురమాయించలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఇంతలో కరువొచ్చింది. చెరువు సగానికి సగం ఎండింది. ఉన్న నీళ్ళు సరిగ్గా పంచితే ఊరు బతుకుతుంది, లేదంటే సగం ఊరు వలస. రాజుగారే వచ్చి, తూము ఎవరికిమ్మంటారని అడిగారు. ఊరంతా ఒకటే గొంతు, అప్పలస్వామికే అని.

వరాలు చావడి గుంజ చాటున నిలబడి ఉంది. నోరు విప్పితే కాపురం పోతుంది, విప్పకపోతే చివరి పొలాలు పోతాయి. కొంగు బిగించి ముందుకొచ్చింది.

"మామయ్య చేసిన మేలుకి చచ్చేదాకా దండం పెడతాను ప్రభూ. కానీ మూడేళ్ళుగా చివరి పొలాలు బీడు పడి ఉన్నాయి. ఒక్కసారి వెళ్ళి చూడండి. రోజూ గట్టు కాచేది గవరయ్య బాబాయి. తూము ఆయనకివ్వండి."

ఇంకేముంది, గోల! ఆ దొంగకా అని. అప్పుడు సూరమ్మ కర్ర ఊతంతో లేచింది. అందరూ నోళ్ళు మూశారు. వాణ్ణి తిట్టే హక్కున్నది ఆవిడకే కదర్రా.

"నేను వీణ్ణి క్షమించలేదు," అంది సూరమ్మ. "నా పిల్లల ఆకలి మర్చిపోను. కానీ నా కోపం నాది, ఊరి నీళ్ళు ఊరివి. వీడికే ఇవ్వండి. వారం వారం కాలవ చివరిదాకా నడిచి చూస్తాను. తేడా వస్తే నేనే వచ్చి చెబుతాను."

గవరయ్య తలెత్తలేదు. "అలాగే చూడమ్మా," అన్నాడంతే.

రాజుగారు చివరి పొలాలు కళ్ళారా చూసొచ్చి, తూము గవరయ్యకి అప్పగించారు.

అప్పలస్వామి కోడలితో మాట మానేశాడు. చెల్లెలింటికి పోయి తినేవాడు. వరాలు రోజూ వడ్డించేది, రోజూ ఎత్తిపెట్టేది. పదకొండో నాడు ఆయనకేం తోచిందో, కాలవ వెంట నడిచాడు. నడిచి నడిచి చివరిదాకా వెళ్ళాడు. అక్కడ కాలవలో చీలమండ లోతు నీళ్ళు. ఒక ముసలాయన చోడినారు నాటుతూ ఈయన్ని చూసి, నీళ్ళు ఎక్కడ ఆపేస్తాడోనని గబగబా వంగి దండం పెట్టాడు. అప్పలస్వామికి తల కొట్టేసినట్టయింది. పంచె ఎగ్గట్టి చేలో దిగి, పొద్దు వాలేదాకా ఆ ముసలాయనతో కలిసి నారు నాటాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, "వరాలూ, ఆకలేస్తోందమ్మా, అన్నం పెట్టు," అన్నాడు.

ఆ ఏడు ఊళ్ళో ఒక్కరూ వలస పోలేదు. సూరమ్మ మాత్రం కాలవ వెంట నడక మానలేదు, మానకూడదు కూడా.

అంచేత నాన్నా, ఒకరు చేసిన మంచీ మరవకండి, చెడూ మరవకండి. కానీ ఊరిని ఒకరి చేతిలో పెట్టేముందు, ఆ చెయ్యి ఇవాళ ఏం చేస్తోందో చూడండి. ఇదిగో, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.