మార్చి ఇవ్వలేనిది

చింతలకోన అడవిలో ఉడుతలు, కుందేళ్లు, గాడిదలు, ఎలుగుబంట్లు కలిసి బతికేవి. అక్కడ చిత్రయ్య అనే ఉడుతకు పెద్ద పేరు. రేడియోలు, టార్చిలైట్లు చేయడంలో అతన్ని మించినవాడు లేడు. ఏదైనా పాడైతే నవ్వుతూ కొత్తది చేతిలో పెట్టేవాడు. "చెడితే తెండి, మార్చి ఇస్తా" అనేవాడు.

పొగడ్తలు తలకెక్కాయి. "రేడియో చేసిన చేతికి బండి ఒక లెక్కా?" అంటూ చిత్రయ్య బ్యాటరీ బండి తయారుచేశాడు. చూడముచ్చటైన బండి. చదును రాతి మీద తానే ఎక్కి నడిపి చూసుకున్నాడు. ఉడుత బరువెంత, బండికి తెలిసేదెంత!

కొండదారిలో ఏళ్ల తరబడి బరువులు మోసిన గాడిద మల్లన్న ఆ బండి చుట్టూ తిరిగి చూశాడు.

"అబ్బాయ్, దీని నిండా రాళ్లు వేసి, వానాకాలమంతా కొండ దించి చూడు. బ్రేకు నిలిస్తే అప్పుడు అమ్ము" అన్నాడు.

"అన్నాళ్లు ఆగితే ఎలా మామా? తిరునాళ్లకే ఇస్తానని మాటిచ్చాను. తేడా వస్తే మార్చి ఇస్తాగా! అయినా మోసేవాళ్లకు తయారుచేసేవాళ్ల సంగతి ఏం తెలుస్తుంది?" అన్నాడు చిత్రయ్య.

మల్లన్న మనసు చివుక్కుమంది. తన దారిన వెళ్లిపోయాడు.

మొదటి బండి కుందేలు సూరన్న తీసుకున్నాడు. చిలగడదుంపల మూటలు వేసుకుని తిరునాళ్లకు బయల్దేరాడు. దారిలో వాన పట్టుకుంది. రెండో మలుపులో బ్రేకు నిలవలేదు. బండి లోయలో పడింది. సూరన్న బతకలేదు.

కబురు చిత్రయ్యకు చేరింది. ఏం చేయాలో తోచక, అలవాటైన పనే చేశాడు. కొత్త బండి తోసుకుంటూ సూరన్న ఇంటికి వెళ్లాడు. ఏ ముఖంతో వెళ్లాడో అతనికే తెలియదు.

సూరన్న భార్య పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"బండి తెచ్చావా చిత్రయ్యా? మరి మా ఆయన్ని ఎప్పుడు మార్చి ఇస్తావు?" అంది.

చిత్రయ్య బండిని వెనక్కి తిప్పాడు. ఇంటికొచ్చి బండ్లన్నీ విప్పేశాడు. వెళ్లి మల్లన్న కాళ్ల మీద పడి, దగ్గరుండి బండి సరిగా చేయించమన్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అన్నాడు మల్లన్న. అన్నాడే గానీ, కాదనలేదు.

మల్లన్న చెప్పినట్టు కొత్త బండి చేసి, రెండు వానాకాలాలు రాళ్లు నింపి కొండ దించారు; బ్రేకు నిలిచాకే అమ్మారు. ఇప్పుడు అడవంతా దాన్ని మల్లన్న బండి అనే పిలుస్తుంది. చిత్రయ్య ఆ బండ్లకు దీపాలు బిగిస్తాడు, అంతే.

పోలమ్మ మాత్రం ఆ బండి ఎక్కదు. దుంపల బుట్ట నెత్తిన పెట్టుకుని, ఆ మలుపు మీదుగా నడిచే వెళ్తుంది.

నీతి: వస్తువు చెడితే మరొకటి ఇవ్వవచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేము. కొత్త పనికి దిగేవాడు ఆ దారి తెలిసినవాడి మాట ముందే వినాలి.