రెక్క ఈడ్చిన కౌజు పిట్ట

రండి నా బంగారు కొండలూ, దగ్గరగా జరగండి. ఆ దుప్పటి తర్వాత లాక్కుందురు గానీ, ముందు చెవులిటు పెట్టండి.

అనగనగనగా, ఎర్రమట్టి చేలున్న ఒక ఊళ్ళో సుంకులమ్మ అనే ఆమె ఉండేది. చీమను తొక్కినా "తప్పు స్వామీ" అని చెంపలేసుకునే మనిషి. ఒకనాడు ఆమె, ఆమె మొగుడు మద్దిలేటి కొర్ర కోతకు వెళ్ళారు. పైన మబ్బు కమ్ముతోంది. వాన పడేలోగా చేను కోసెయ్యాలి.

అప్పుడు సుంకులమ్మ కొడవలి ముందు నుంచి ఒక కౌజు పిట్ట లేచింది. కోడిపెట్టలో సగం ఉంటుంది, ఒళ్ళంతా మట్టిరంగు చారలు. ఒక రెక్క నేల మీద ఈడ్చుకుంటూ కుంటుతోంది.

"అయ్యో, రెక్క విరిగింది తల్లికి! ఇంటికి తీసుకుపోయి పసుపు అద్దుతా" అని ఆమె వెంటపడింది. పదడుగులు వేసేసరికి పిట్ట తుర్రుమంది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ కోతకు వంగింది. మళ్ళీ అదే పిట్ట, అదే కుంటు. ఈసారి గట్టు దాకా నడిపించి తప్పించుకుంది.

"ఏమే, కొర్ర కోస్తున్నావా, కౌజుతో దొంగాట ఆడుతున్నావా?" అన్నాడు మద్దిలేటి.

మూడోసారి సుంకులమ్మ కొడవలి పడేసి పరుగెత్తింది. చెయ్యి చాపింది. అంతే! విరిగిన రెక్క విచ్చుకుంది. పిట్ట బుర్రున ఎగిరిపోయింది.

"ఓసి నంగనాచీ! నన్నెందుకే ఇంత దూరం తెచ్చావు?"

అప్పుడు ఆమె మెల్లగా వెనక్కి వచ్చి, కొడవలి పడిన చోట దుబ్బులు విడదీసి చూసింది. నేల మీద చిన్న గుంట. గుంటలో ఎండుగడ్డి. గడ్డిలో ఏడు గుడ్లు! ఒకదాని లోపల నుంచి ముక్కు టిక్కుటిక్కుమంటోంది.

చెట్టు మీద గూడు కట్టే పిట్ట కాదు నాన్నా అది. గుడ్లు నేల మీదే పెడుతుంది. అందుకే రెక్క విరిగినట్టు నటించి మనిషిని దూరం లాక్కెళ్ళింది, కొడవలికి తన ప్రాణం అడ్డం పెట్టింది. అంత చిన్న పిట్టకు ఎంత గుండె ఇచ్చాడమ్మా నరసింహస్వామి!

"వాన వచ్చేస్తోంది, కొయ్యవే" అన్నాడు మద్దిలేటి.

"ఇక్కడ మంచమంత చోటు కొయ్యనయ్యా. తడిస్తే తడవనీ."

అతనూ తొంగి చూశాడు. కొడవలి తిప్పి పక్క సాలు పట్టాడు.

ఆ తర్వాత వాన కురిసింది. తల్లి కౌజు గుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంది, కదిలితే ఒట్టు! తెల్లారేసరికి ఏడు పిల్లలు. పుట్టిన పూటే తల్లి వెనక ఒకటే పరుగు!

ఒక్క పని గుర్తుపెట్టుకోండి నా తల్లులూ. నేల మీద గూడు కనబడితే ముట్టకండి. సుంకులమ్మలా మంచమంత చోటు వదిలి, పక్కగా వెళ్ళండి. ఏం చేస్తారు? ఏదీ, అందరూ ఒకసారి చెప్పండి.

కౌజు కొర్రలో దూరె,
కథ కంచికి చేరె,
కన్ను నిద్దుర కోరె!