సుంకాధికారి విశ్రాంతి

మొగలిరేవులో ఎవరేం అమ్మినా, కొన్నా సుంకాధికారి కోదండపాణి సగం లాక్కునేవాడు. పదవి దిగాక సముద్రం దాటి, పొరుగు దీవిలో హాయిగా బతకాలని ఆయన ఆశ. ఒకరోజు ఆ దీవి నుంచి మిరియాలు తెచ్చి అమ్మే పైడమ్మను ఆపాడు.

"శేషజీవితం అక్కడ సుఖంగా గడవాలంటే ఎంత సొమ్ము కావాలే?"

"అక్కడి సుంకాధికారి మంచివాడైతే పెట్టెడు వరహాలు చాలు బాబయ్యా. తమలాంటివాడైతే ఓడనిండా తీసుకెళ్ళినా చాలవు."

ఆయన కోపం దిగమింగి, "ఇంతకీ ఎలాంటివాడు?" అన్నాడు.

"అచ్చం తమలాగే. ఆయన కూడా పదవి దిగాక ఇక్కడికొచ్చి ఉందామని నిరుడు నన్ను ఇదే అడిగారు. తమ గురించి చెప్పాను, మానుకున్నారు."

కోదండపాణి కూడా మానుకున్నాడు. ఆ నెలలోనే సుంకాలన్నీ సగానికి సగం తగ్గించాడు. పదవి దిగాక ఇక్కడే ఉండి తానూ కట్టాలి మరి!