దూదమ్మ మడమ, మెరుపన్న మడమ

తుమ్మెదకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, కోతులు, ఒక బద్ధకపు ఎలుగుబంటి ఉండేవి. అన్నిటికీ పరుగు పందెమంటే వల్లమాలిన పిచ్చి! తొలకరి పడగానే పందెం పెట్టుకునేవి. గెలిచినవాళ్ళే ఆ ఏడాదికి అడవి వేగు. అంటే మంటలు లేచినా, వేటగాడు వచ్చినా ఆ కబురు అడవంతా మోసేది వాళ్ళే.

దూదమ్మ అనే కుందేలుకు వేగు కావాలని ఒకటే ఆశ. మెరుపన్న అనే జింక ఏటా గెలుస్తూనే ఉన్నాడు. ఇక ఆ గర్వం చూడాలి, నేల మీద కాలు నిలిచేది కాదు!

ఆ వేసవిలో ఇద్దరూ రాళ్ళగుట్ట మీద తెగ పరుగెత్తారు. ఇద్దరికీ మడమ వెనక నొప్పి పట్టుకుంది. పొద్దున్నే లేచి అడుగు వేస్తే కుంటు. కాసేపు పరుగెత్తితే నొప్పి మాయం!

దూదమ్మకు అనుమానం వచ్చి కొంగత్త దగ్గరికి వెళ్ళింది. అడవిలో కాళ్ళ వైద్యం కొంగత్తదే. ఆమె ముక్కుతో మడమ పైన నొక్కింది.

"అమ్మో! అక్కడే అత్తా!"

"మడమ నరం దెబ్బతిందే పిల్లా. పరుగు ఆపాలి."

"పందెం పోతుంది అత్తా!" అని దూదమ్మ బావురుమంది.

"పోతే ఒక్క పందెం పోతుంది. నరం తెగితే కాలే పోతుంది. అలాగని ముసుగుతన్ని పడుకోకు. నరానికి మెల్లమెల్లగా పని చెప్పాలి."

కొంగత్త దూదమ్మను రాతి అంచు మీద మునివేళ్ళతో నిలబెట్టింది. మడమలు పైకి లేపాలి, మెల్లగా కిందికి దించాలి. రోజూ అదే పని! కొన్నాళ్ళకు వీపు మీద వెలగపండు పెట్టి దించమంది. ఆ తర్వాతే చిన్న గంతులు, ఆ పైన పరుగు.

"దూదమ్మ కొంగజపం పట్టిందోయ్!" అని కోతులు కొమ్మలు ఊపి మరీ నవ్వాయి. దూదమ్మకు ఏడుపొచ్చింది. అయినా మడమలు దించడం మానలేదు.

"నువ్వూ రా అన్నా," అని మెరుపన్నను పిలిచింది.

"నాలుగు గంతులేస్తే పోయే నొప్పికి వైద్యమా?" అన్నాడు మెరుపన్న.

"ఒళ్ళు వేడెక్కితే నొప్పి దాక్కుంటుంది నాయనా, గాయం మానదు," అంది కొంగత్త.

"చాల్లే అత్తా! నీ చాదస్తం నువ్వూను!"

తొలకరి పడేసరికి దూదమ్మ పరుగుకు కొంగత్త సరేనంది. మట్టి వాసనకు అడవంతా పండగే! పందెం మొదలైంది. మెరుపన్న బాణంలా దూసుకుపోయాడు. దూదమ్మ తన కాలిని నమ్ముకుని వెనక పరుగెత్తింది. నొప్పి లేదు! ఎంత హాయిగా ఉందో!

సగం దారిలో ఫట్‌మని చప్పుడైంది. మెరుపన్న బోర్లాపడి, కోపంగా వెనక్కి తిరిగాడు.

"ఎవర్రా నా మడమ మీద తన్నింది?"

వెనక ఒక్క పురుగు కూడా లేదు. చాలాసేపటికి దూదమ్మ వచ్చింది. వంగి అతని మడమ చూసింది.

"నిన్నెవరూ తన్నలేదన్నా. నరం తెగింది."

మెరుపన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఆగకు, పో!" అన్నాడు.

దూదమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి గీత దాటింది. అడవి హోరెత్తిపోయింది! వెక్కిరించిన కోతులే పూలదండ పట్టుకుని ఎదురొచ్చాయి. కానీ దూదమ్మ దండకు మెడ వంచలేదు. ఆగకుండా కొంగత్త ఇంటివైపు పరుగు తీసింది.

"అత్తా, మెరుపన్న పడిపోయాడు, త్వరగా రా!"

తుమ్మెదకోన కొత్త వేగు మోసిన మొదటి కబురు అదే.

నీతి: నొప్పి తగ్గినంత మాత్రాన గాయం మానినట్టు కాదు; ఓపికగా మాన్పుకున్న కాలే గమ్యం చేరుతుంది.